మామ పైపు వంపు

మా మామకు పచ్చవాతం వచ్చిన ఏడు నేను కడుపు నిండ తిన్న దినాలు యాదికున్నయి గని, కంటి నిండ నిద్రవోయిన దినం ఒక్కటి గూడ యాదికి లేదు. రెండువేల నాలుగో అయిదో అయ్యుంటది. గద్వాలల కోట దిక్కు పోయే తొవ్వల, ఒక గల్లీ లోపల మా ఇల్లు. రెండర్రలు, ఎనక వంట కొట్టం, ముంగట అరుగు. మా ఇంటాయన బస్సు కండక్టరు, డిపో వనపర్తిల. ఈ దినం పోతే మర్నాడు పగటాలకో మాపటికో వచ్చేటోడు, వచ్చినోడు వచ్చినట్టే పండుకునేటోడు. మా అత్త అంతకు మూడేండ్ల ముందే పోయింది. పిల్లలిద్దరు బడికి పోతుండ్రి. ఇగ మామను చూసుకునేది ఎవ్వరు? నేనే. ఎవరినో తిట్టనీకి చెప్తలేను, ఉన్నమాట చెప్తున్న.

మామ జూరాల డ్యాం కట్టేటప్పుడు అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టర్ చేసిండు. అప్పుడు ఒక పెద్ద ఇంజనీరు బదిలీ మీద పోతూ పోతూ తన పొగాకు పైపు ఈయనకు ఇచ్చిపోయిండట. ఎర్ర కట్టె గిన్నె, దానికి నల్లటి వంకర గొట్టం. అందరు బీడీలు, సుట్టలు తాగే గల్లీల మా మామ ఒక్కడే పైపు తాగేటోడు. పైపు సారు అని పేరు పడ్డది. సారు లేదు గీరు లేదు, చదివింది పదో తరగతే. గని ఆ పైపు పండ్ల నడుమ కరిచి పట్టుకొని అరుగు మీద కూసుంటే తొవ్వన పోయేటోళ్ళు సైకిలు దిగి నమస్తే పెట్టి పోయేది. మాట్లాడేటప్పుడు గూడ పైపు తీయకపోతుండె. పండ్లు బిగబట్టే మాట్లాడుతుండె. కొత్తోళ్ళకు సగం అర్థమైతుండె, సగం కాకపోతుండె.

ఆ పైపును ఎండ తాకనిచ్చేటోడు కాదు. ఒకసారి మా పిల్లోడు దాన్ని కిటికీల పెట్టి మరిచిండు. చైత్ర మాసం ఎండ. మామ వచ్చి చూసి ఇల్లు పీకి పందిరేసిండు. "ఇది రబ్బరు గొట్టం. వేడి తాకితే వంపు పోతది. ఇంజనీరు సారు నాకు ఒకటికి పదిసార్లు చెప్పిండు. ఈ ఇంట్ల ఎవ్వరికన్న సోయి ఉంటెగా!" అన్నడు. ఆ మాటలు నాకే, గని నా దిక్కు చూసి అనలే. గోడ దిక్కు చూసి అన్నడు.

మా ఇంట్ల గట్లనే ఉండె. కోడలు మామతోని నేరుగ మాట్లాడది. మామ ఎదురొస్తే కొంగు నెత్తి మీదికి గుంజుకొని పక్కకు జరగాలె. నేను గూడ "బువ్వ అయింది" అని గోడకే చెప్తుంటి. అత్త ఉన్నన్ని దినాలు మా ఇద్దరి నడుమ అత్త ఉండె, అత్త పోయినంక గోడ ఉండె. కాపురానికొచ్చి పదకొండేండ్లయినా ఆయన మొఖం నేను సక్కగ చూడలేదంటే మీరు నమ్మరు. ముక్కు మీద పుట్టుమచ్చ ఉన్నదని నాకు పచ్చవాతం వచ్చినంకనే తెలిసింది.

ఇంకో మాట గూడ చెప్పాలె. ఆ పైపంటే నాకు పడకపోతుండె. నిప్పురవ్వలు పడి రెండు బొంతలు కాలినయి. బూడిద ఎక్కడ దులుపుతడో ఆయనకే ఎరుక లేదు, ఊడ్చేది నేను. ఒకసారి మామ చెల్లె వచ్చింది. ఆమె ధరూర్ల ఉంటది, నేను అత్తమ్మా అని పిలుస్త. ఆమె ముంగటనే, కాలిన బొంత చేతుల పట్టుకొని, "ఎప్పుడో ఒకనాడు గీ పైపు తీసి పొయ్యిల పెడ్త" అన్న. నవ్వుకుంటనే అన్న. నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నా నోరు అంత మంచిది కాదు, ఆ సంగతి నాకెరుకే.

ఇగ పచ్చవాతం. ఒకనాడు పొద్దుగాల పండ్లు తోముకుంట తోముకుంట చెంబు ఇడిసిపెట్టి కింద పడ్డడు. కుడి చెయ్యి, కుడి కాలు పోయినయి. మూతి ఎడమ దిక్కు గుంజుకపోయింది. పాలమూరు పెద్ద దవాఖానల పన్నెండు దినాలు పెట్టుకున్నరు. "ప్రాణానికి భయం లేదు, ఇంటికి తీస్కపోండ్రి, పొగాకు మాత్రం ముట్టనీయకుండ్రి" అన్నరు. తీసుకొచ్చినం.

పొగాకు బందయింది, పైపు మాత్రం బంద్ కాలే. ఉత్త పైపే నోట్ల పెట్టుకునేటోడు. ముందుగల్ల నాకు నవ్వొచ్చింది, ఏంది ఈ ముసలాయన చిన్నపిల్లగాడి తీర్గ అనుకున్న. తర్వాత అర్థమైంది. పైపు లేకుంటే కుడి దిక్కు పెదవి జారి సొల్లు కారుతుండె. ఎంత తుడిచినా కారుతుండె, అంగీ తడుస్తుండె. పైపును ఎడమ పండ్ల నడుమ కరిచి పట్టుకుంటే పెదవులు దగ్గరికొచ్చి సొల్లు ఆగుతుండె. గొట్టం వంకర ఉండవట్టి గిన్నె కిందికి దిగి గదుమకు ఆనుతుండె, బరువు పండ్ల మీద పడకపోతుండె, చెయ్యి పట్టేపని లేకపోతుండె. మాట గూడ అంతే. పండ్లు బిగబట్టి మాట్లాడుడు ఆయనకు ఇరవై ఏండ్ల అలవాటాయె. పైపు నోట్లుంటే "నీళ్ళు", "సాలు", "బయటికి" అని ఒకటో రెండో మాటలు వస్తుండె. పైపు తీస్తే బె బె తప్ప ఏం రాకపోతుండె.

గట్ల పైపు పెట్టుకొని అరుగు మీద కూసుంటే మల్ల పైపు సారే. తొవ్వన పోయేటోళ్ళు నమస్తే పెడ్తుండ్రి, ఆయన ఎడమచెయ్యి ఎత్తుతుండె. రోజుకు అది రెండు గంటల ముచ్చట. ఆ రెండు గంటల కోసమే మనిషి మిగిలిన ఇరవై రెండు గంటలు బతుకుతున్నడని నాకు కొన్ని దినాలకు తెలిసింది.

అత్తమ్మ వచ్చి కాపడం పెట్టమని చెప్పింది. కృష్ణ ఇసుకల రాళ్ళుప్పు కలిపి, మూకుట్ల వేడిచేసి, పాత ధోతి గుడ్డల మూట కట్టి, పడిపోయిన దవడకు మూడు పూటలా ఒత్తాలె. "మా ఊర్ల ఒకాయనకు నలభై దినాలల్ల మూతి సక్కగయింది" అన్నది. ఆ ఊరాయనను నేను చూడలే, గని ఎవ్వరేం చెప్పినా చేసే దినాలవి. ఇసుక మా ఇంట్ల ఉండనే ఉండె, పల్లీలు వేంచే ఇసుక. మూడు పూటలా కాపడం మొదలుపెట్టిన.

మొదటి దినం ఆయన దవడ మీద చెయ్యి పెట్టిన. ఆయన కండ్లు మూసుకున్నడు. నేను గోడ దిక్కు చూసుకుంట ఒత్తిన. మూట దవడకు పోతుందో చెవికి పోతుందో తెల్వకుండ ఒత్తిన. సిగ్గు ఇద్దరికి ఉండె. వారానికి నాది పోయింది, ఆయనది మాత్రం ఉన్నది. రోజు పైపు తీసి దిండు పక్కకు పెట్టుకొని కండ్లు మూసుకునేటోడు.

ఇగ నా దినం చెప్తే మీకు గూడ ఆవులింతలొస్తయి. చీకట్ల లేచి మామను బయటికి తీస్కపోవాలె. గుడ్డలు మార్చాలె. కాపడం. పిల్లల డబ్బాలు. ఇంటాయనకు డ్యూటీ ఉంటే ఆయన డబ్బా. నల్లా రెండు దినాలకొకసారి వస్తుండె, వచ్చినప్పుడు బిందెలన్ని నింపాలె. గుడ్డలు ఉతుకుడు. మల్ల కాపడం. కాలు చెయ్యి నూనె పెట్టి రుద్దుడు. జావ గంటెతోని పోసుడు, సగం లోపలికి సగం బయటికి. అందరు వస్తరు, "అయ్యో పాపం పెద్దాయన" అంటరు, చాయ్ తాగుతరు, గిలాసలు నేను కడుగుత. "నువ్వెట్లున్నవు" అని అడిగినోళ్ళు లేరు. అడిగితే ఏం చెప్తుంటినో నాకు గూడ తెల్వదు.

మూడు నెలలు గడిచినయి. ఒకనాడు పిల్లకు జరం వచ్చి తెల్లారేదాంక కూసున్న. పొద్దుగాల జరం దిగింది, తాను గూడ బడికి పోతనని పోయింది. ఇంటాయన డ్యూటీ మీద ఉండె. ఇంట్ల మామ, నేను. పది గంటల కాపడం పెట్టాలె. ఇసుక వేడిచేసి మూట కట్టి తెచ్చిన. పొయ్యి మీదికెళ్ళి దింపినప్పుడు చర్మానికి ఆగదు, జర సల్లారనియ్యాలె. మంచం మీద దిండు పక్కకు పెట్టిన. మామ ఎడమ చెయ్యికి జానెడు దూరంల పెట్టిన. నేను కింద మంచం కోడుకు ఆనుకొని కూసున్న. ఒక్క గడియ, మూట సల్లారేదాంక, అనుకున్న.

బయట ఉప్పు అమ్మేటోడు కేకేస్తే మెలుకువ వచ్చింది. దిగ్గున లేచి మూట పట్టుకుంటే గోరువెచ్చగుంది. ఎత్తిన. దాని కింద పైపు ఉండె. నల్ల గొట్టం సక్కగ అయ్యింది. కొలకట్టె తీర్గ, ఎప్పుడూ వంపే లేనట్టు సక్కగ.

మామ దిక్కు చూసిన. కండ్లు తెరిచే ఉన్నడు. కాపడం అప్పుడు మూసుకునే కండ్లు, ఆ దినం తెరుచుకొని నా దిక్కే చూస్తున్నడు.  మంట మీదున్నడు, కొడ్తడేమో అనుకున్న. కుడిచెయ్యి లేస్తే కొడ్తుండెనేమో గూడ.

ఎడమచేత్తోని పైపు తీసుకొని నోట్ల పెట్టుకున్నడు. సక్కటి గొట్టం ముంగటికి పొడుసుకొచ్చింది, గిన్నె బరువుకు వాలింది, కింద పడ్డది. మల్ల పెట్టుకున్నడు. మల్ల పడ్డది. సొల్లు అంగీ మీద కారింది. మూడోసారి పెట్టుకోలే. పైపు పక్కకు పెట్టి గోడ దిక్కు తిరిగిండు.

ఆ దినం అరుగు మీదికి రాలే. లేపవోతే ఎడమచెయ్యి ఇసిరిండు. జావ రెండు గంటెలు తాగిండు. రెండో దినం ఒక్క గంటె. మూడో దినం పండ్లు ఇప్పలే. తొవ్వన పోయేటోళ్ళు "సారు ఏడి" అని అడుగుతుండ్రి. పండుకున్నడని చెప్తుంటి. గట్లనే వారం పోతే మనిషి పోతడని ఎవ్వరు చెప్పే పని లేకుండె, నాకు కనవడుతనే ఉండె.

ధరూర్ నుంచి వచ్చి అత్తమ్మ ఆటో దిగింది. పైపు చూసింది, అన్నను చూసింది, నన్ను చూసింది. "పొయ్యిల పెడ్తనంటివి గదనే. పెట్టినవు" అన్నది. అరుగు మీద నలుగురు ఆడోళ్ళ ముంగట అన్నది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. "అత్తమ్మా, పైపు కాపడం మూట కింద పడ్డది, నేను చూసుకోలే" అన్న. "మూడు నెలల సంది చూసుకున్నదానివి, గా దినమే చూసుకోలేదా?" అన్నది.

మాపటికి ఇంటాయన వచ్చిండు. ఆమె ముందే చెవుల ఊదింది. ఆయన బూట్లు ఇప్పుకుంట, నెమ్మదిగనే, "నిజం చెప్పు. కావాల్నని చేసినవా?" అన్నడు. నన్ను కొట్టినా అంత కోపం రాకపోవు. నిజం చెప్పు అంటడు! "అవ్, చేసిన. నాకేం పని లేదు గద, పొద్దటి సంది కాలు మీద కాలేసుకొని కూసుంట గద, తోచక చేసిన" అన్న. ఇగ అంతే. ఎకసెక్కానికన్న మాట నిజమై కూసుంది. ఆయన బువ్వ తినకుండ లేచిండు. నేను గూడ తినలే. నా నోరే నాకు శత్రువు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలె, ఆయన ఊరికె కూసోలే. మర్నాడు వనపర్తి బజారంత తిరిగి గిట్లాంటి పైపు దొరుకుతదా అని అడిగొచ్చిండట. ఒక దుకాణమాయన నల్లా పైపులు చూపిచ్చిండట. హైదరాబాదుల దొరకొచ్చు, ఎవరు పోవాలె, ఎప్పుడు పోవాలె?

నేనే వంచుత అనుకున్న. వేడికి సక్కగైంది వేడికే వంగుతది గద. గ్యాస్ పొయ్యి ముట్టిచ్చి గొట్టాన్ని మంట మీద పట్టిన. రెండు గడియలు గూడ కాలే, టైరు కాలిన వాసన. నల్లటి నునుపు మీద బూడిద రంగు మచ్చ పడ్డది. దిగ్గున తీసి ఊదిన.  ఇది పలిగితే ఇంకోటి దొరకదు, నా మాట నమ్మేటోళ్ళు గూడ లేరు.

పైపు కొంగుల ముడేసుకొని బజారుకు పోయిన. మామకు చష్మాలు చేసిచ్చిన దుకాణం ఉండె. ఆ సాబ్ చష్మా కాళ్ళను వేడి ఇసుకల పెట్టి చెవి ఎనక సరిగ్గ కూసునేటట్టు వంచుతుంటే ఒకసారి చూసిన. అదే యాదికొచ్చింది. తెల్ల గడ్డం సాబ్, మామ ఈడు. పైపు చూడంగనే గుర్తువట్టిండు. "అరె, ఇది పైపు సారుది గద! ఏమైంది బేటీ?" అన్నడు. చెప్పిన. మొత్తం చెప్పిన, నిద్రవోయిన సంగతి గూడ. ఇంట్లోళ్ళకు చెప్పలేని సంగతి బజార్ల మనిషికి చెప్పిన.

ఆయన గొట్టాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది మా చష్మా ప్లాస్టిక్ కాదమ్మా, గట్టి రబ్బరు. నా చేతుల పలిగితే సారుకు నేను మొఖం చూపియ్యలేను. నువ్వే చెయ్యి, ఇంట్లనే చెయ్యి" అని నేర్పిండు. మంట తాకనీయొద్దు. ఇసుక వేడిచేసి అందుల పెట్టాలె. గొట్టం బొక్కల గట్టి దారం పేని పెట్టాలె, లేకుంటే వంచినప్పుడు బొక్క మూసుకపోతది. మెత్తవడ్డంక గుండ్రటి దాని మీద మెల్లగ వంచి, ఇడవకుండ సల్లటి నీళ్ళల్ల ముంచాలె. "జల్దీ చెయ్యకు బేటీ. దీన్ని ముందు సక్కగనే పోస్తరు, తర్వాత వంచుతరు. వేడి తాకితే అది మొదలెట్లుండెనో గట్లయితది. దానికి యాది ఉంటది."

ఇంటికొచ్చే తొవ్వంత ఆ మాటే తిరిగింది. మూడు నెలల సంది అదే ఇసుకతోని, అదే మూటతోని ఒత్తుతున్న. మనిషి మూతికి మొదటి తీరు యాదికి రాలే. ఒక్క పొద్దు నేను కన్ను మూస్తే రబ్బరు గొట్టానికి యాదికొచ్చింది! తొవ్వల నడుసుకుంటనే నవ్విన. ఎవరన్న చూస్తే పిచ్చి లేసిందనుకునేటోళ్ళు. తర్వాత ఏడుపొచ్చింది, అది గూడ నడుసుకుంటనే అయ్యింది.

మర్నాడు పిల్లలు బడికి పోయినంక మొదలుపెట్టిన. ఇంటాయన ముందటి దినం డ్యూటీకి పోయినోడు ఇంక రాలే, అత్తమ్మ గుడికి పోయింది. గిన్నెకెళ్ళి గొట్టం ఊడదీసి, బొంతలు కుట్టే దారం నాలుగు పోగులు పేని, సన్నటి తీగకు కట్టి గొట్టంలకు గుంజిన. వంపు ఎంతుండాలె? మామ రిటైరైనప్పటి ఫోటో గోడకుండె. మెడల దండ, నోట్ల పైపు. ఆ ఫోటో దించి, ఇనుప తీగను దాని మీద పెట్టి అట్లనే వంచి కొలత పెట్టుకున్న. మూకుట్ల ఇసుక వేడిచేసి, మంట తగ్గిచ్చి, గొట్టం గుచ్చిన. పల్లీలు వేంచేటప్పుడు ఇసుక ఎంత కాగిందో చెయ్యి పైన పెడితే తెలుస్తది గద, ఆ అందాజతోనే. మెత్తవడ్డది. చపాతి కర్ర మీద పెట్టి మెల్లగ, మెల్లగ వంచిన. నీళ్ళల్ల ముంచి పట్టుకున్న. దారం గుంజి ఊది చూసిన, గాలి సక్కగ పోయింది. తీగ పెట్టి చూస్తే ఎంటికవాసి తేడా లేదు.

ఇంత మంచి పని నా చేతులతోని అయిందా అనిపించింది. మంచం దగ్గర నిలవడి గోడకు చెప్పిన, "పైపు అయింది" అని.

మామ మెల్లగ ఇటు తిరిగిండు. పైపు చూసిండు. ఎడమచేత్తోని తీసుకొని నోట్ల పెట్టుకున్నడు. గిన్నె గదుమకు ఆనలే. పక్కకు తిరిగింది, జారింది, దిండు మీద పడ్డది.

ఫోటోల ఉన్న మూతి వేరే. తిండి మానేసినంక దవడ ఇంకింత లోపలికి పోయిన ఈ మూతి వేరే. నాకు గా ముచ్చట తట్టనే లేదు.

నేను కింద కూలబడ్డ. కొంగు ఎప్పుడు జారిందో తెల్వదు. "ఇంక నేనేం చెయ్యాలె? చెప్పుండ్రి! ఇంకేం చెయ్యాలె నేను?" అని అరిసిన. గోడకు కాదు, మామకే. మొఖంల మొఖం పెట్టి అరిసిన. పదకొండేండ్లల్ల నేను ఆయనతోని నేరుగ అన్న మొదటి మాట అదే.

 ఆయన ఎడమచెయ్యి చాపి పైపు తీసుకొని, బొటనవేలు గొట్టం మీద పెట్టి కిందికి ఒత్తి చూపిచ్చిండు. ఇంకా వంచు అని. గొట్టాన్ని జర లోపలి దిక్కు తిప్పి చూపిచ్చిండు. గిట్ల అని.

కిరసనాయిల్ స్టవ్ తెచ్చి మంచం పక్కనే పెట్టిన. మూకుడు, చెంబుల నీళ్ళు, చపాతి కర్ర అన్ని అక్కడే. వేడిచేసుడు, వంచుడు, ముంచుడు, ఆయన నోట్ల పెట్టి చూసుడు. పెట్టినప్పుడల్ల ఆయన పెదవి, పండ్లు, గదుమ దగ్గరికెళ్ళి చూసిన. ఆయన కండ్లు మూసుకోలే. రెండోసారి ఎక్కువైంది, గదుమకు గుచ్చుకుంది. మూడోసారి అటు తిరిగింది. ఆయన తల ఊపుతుండె, వేలుతోని చూపిస్తుండె, నేను మల్ల ఇసుకల పెడ్తుంటి. ఇద్దరం కలిసి ఒక పని చేసుడు గూడ అదే మొదలు.

నాలుగోసారి గిన్నె గదుమ పక్కకు ఆనింది. పండ్లు పట్టుకున్నయి. పెదవులు దగ్గరికొచ్చినయి. ఆయన చెయ్యి తీసిండు. పైపు పడలే. ఇద్దరం చూసినం, పడలే. సొల్లు ఆగింది.

అప్పుడు నాకు లోపల ఉన్నదంత బయటికొచ్చింది. "నేను కావాల్నని చేయలే. మీ మీద కోపంతోని చేయలే. తెల్లారేదాంక పిల్లతోని కూసున్న, కండ్లు మూతవడ్డయి. మూట పైపు మీద ఉన్నదని నాకు సోయి లేకుండె. ఎవ్వరు నమ్ముతలేరు. మీరన్న నమ్ముండ్రి" అన్న.

ఆయన పండ్లు బిగబట్టిండు. మాట రానీకి చాలసేపు పట్టింది. మెడ నరాలు లేసినయి.

"ఎరుక" అన్నడు.

నేను చెవి దగ్గరికి తెచ్చిన.

"చూసిన." మల్ల ఊపిరి తీసుకున్నడు. "నిద్రవోతుంటివి. లేపబుద్ధి కాలే."

మూట ఆయన ఎడమచెయ్యికి జానెడు దూరంల ఉండె. వేడికి వంపు పోతదని ఆ ఇంట్ల అందరికంటె ముందు ఎరుకైనోడు ఆయనే. ఒక్క తోపు తోస్తే మూట కింద పడుతుండె, సప్పుడుకు నేను లేస్తుంటి. తోయలే.

  జావ తెచ్చి తాగిపిచ్చిన, గిన్నె ఖాళీ చేసిండు. "బయటికి" అన్నడు. భుజం పట్టి తీస్కపోయి అరుగు మీద దిండ్లు పెట్టి కూసోబెట్టిన. పాలాయన సైకిలు దిగి "సారూ, బాగున్నరా" అన్నడు. మామ ఎడమచెయ్యి ఎత్తిండు. నేను లోపలికొచ్చి, ఇసుక మూకుడు గూడ తీయకుండ, పట్టపగలు మామ మంచం పక్కన చాప మీద ఒరిగిన.

తర్వాతి సంగతి నాకు ఇంటాయన చెప్పిండు. ఆయన పగటాల డ్యూటీ దిగి వచ్చిండట. అప్పటికి అత్తమ్మ గూడ వచ్చి అరుగు మీద కూసున్నదట. నన్ను చూసి, "చూడు, స్టవ్ ఏడిదాడనే ఉన్నది, పట్టపగలు ఎట్ల పండుకుందో! లేపు, నీకు బువ్వ పెట్టమను" అన్నదట. ఈయన లోపలికి రావోయిండు. మామ ఎడమచేత్తోని ఆయన చెయ్యి పట్టుకున్నడట. ఇడవలేదట. పండ్ల నడుమ పైపు బిగబట్టి, ఇద్దరికి వినవడేటట్టు ఒక్క మాట అన్నడట.

"లేపకు."

పిల్లలు బడి కెళ్ళి వచ్చి, ఇంట్ల దీపాలు పెట్టేదాంక పండుకున్న.